అమెరికా జాబితా, గుణుపురం బండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లం. బడిపంతులుగా రిటైరయ్యాక, కారవాన్‌గా మార్చిన పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొన్నాను. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, ఏసీ ఉన్నాయి. టెక్సస్‌లో ఉంటున్న మా అబ్బాయి, కొత్తగా ఇలాంటి బండి కొన్నవాళ్లు అక్కడ సమకూర్చుకునే సామాను జాబితా పంపాడు. ప్రెషర్ రెగ్యులేటర్, సర్జ్ ప్రొటెక్టర్, మురుగు గొట్టం అంటూ నలభైకి పైగా వస్తువులున్నాయి అందులో. మా బావమరిది ముందు జనరేటర్ కొనమంటున్నాడు. మా ఆవిడ ఇండక్షన్ పొయ్యి, మిక్సీ లేనిదే బండి ఎక్కనంటోంది. డిసెంబరులో రాయగడ, కోరాపుట్, జయపురం తిరిగి రావాలని ఉంది. వీటిలో ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం:

మాస్టారూ, మీ అబ్బాయి పంపిన జాబితాలో తప్పేమీ లేదు. కాకపోతే అది టెక్సస్‌లో తిరిగే బండికి రాసినది. అక్కడ ఇలాంటి బండ్లు రాత్రిపూట నిలిపే స్థలాల్లో కరెంటు స్తంభం, నీళ్ల కుళాయి, మురుగు తూము పక్కపక్కనే ఉంటాయి. బండిని ఆ మూడింటికీ తగిలించే సరంజామాయే ఆ జాబితాలో సగం. గుణుపురం నుంచి జయపురం దాకా అలాంటి ఏర్పాటు దొరుకుతుందని ఆశ పెట్టుకుని బయలుదేరకండి. మీరు రాత్రి గడిపేది పెట్రోలు బంకు పక్కనో, ధాబా ఆవరణలోనో, సత్రం ముందో, బంధువుల పెరట్లోనో. అందుకే మీ కొనుగోళ్ల వరుస వేరుగా ఉండాలి. నిద్రలో ప్రాణం మీదికి తెచ్చే వాటికి అడ్డుకట్ట మొదటిది. బండిని ఘాట్ రోడ్డు మీద అదుపులో ఉంచే సామాను రెండోది. నీళ్లు, కరెంటు ఆ తర్వాత. మిగిలినవేవీ ఇప్పుడు కొనవద్దు.

ముందు ఆ జాబితాలో కొట్టివేయవలసినవి చెబుతాను. నీళ్ల ప్రెషర్ రెగ్యులేటర్ వద్దు. అక్కడి కుళాయిల్లో నీళ్లు బండి పైపులను పగలగొట్టేంత ఒత్తిడితో వచ్చే చోట్లు ఉంటాయి కాబట్టి దాన్ని 40, 50 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గర కట్టడి చేస్తారు. మన డాబా మీది ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉన్నా కింద కుళాయిలో వచ్చేది 14 పీఎస్ఐ. మనకు ఉన్న బాధ నీళ్లు రాకపోవడమే కానీ ఎక్కువై రావడం కాదు. మురుగు గొట్టం దేనికి తగిలిస్తారు? అదీ వద్దు. 30 ఆంపియర్లను 50కి కలిపే అడాప్టర్లు, బండి వెనక లాగే ట్రైలర్ ఊగకుండా పట్టే ఇనుప కడ్డీలు మీ బండికి సంబంధించినవే కావు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు సామానును కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఆలోచన మంచిదే, కానీ అక్కడిది ఇక్కడ పనికిరాదు. అబ్బాయి వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకొస్తానంటే ప్రేమగానే వద్దనండి. వాళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. ఆ సామానును మన ప్లగ్గులో పెడితే మొదటి రోజే పొగ చూస్తారు. ఏదైనా తెచ్చి తీరాలని ఉబలాటపడుతుంటే, బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం తెమ్మనండి. దాని సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

డిసెంబరులో సిమిలిగుడ, పొట్టంగి వైపు చలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 1,672 మీటర్ల దేవమాలి, ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం, ఆ చుట్టుపక్కలదే. సాయంత్రం అయిదు దాటితే ఊళ్లలో ప్రతి వాకిట్లో మంట కనిపిస్తుంది. మనవాళ్లకు వెంటనే తోచే ఉపాయం, ఆ నిప్పుల్లో నాలుగు కుంపట్లోకి ఎత్తి బండిలో పెట్టుకుని తలుపు వేసుకోవడం. మాస్టారూ, ఆ పని ఎంత చలిగా ఉన్నా చేయకండి. బొగ్గు నిప్పులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలోనే మనుషులు చనిపోతుంటే, దానికంటే ఎంతో చిన్నదైన బండి లోపల ఎంతసేపు పడుతుంది? కిటికీ కాస్త తెరిచి ఉంచాం కదా అన్నది ధైర్యం కాదు. గ్యాసు పొయ్యి వెలిగించి వెచ్చబెట్టుకోవడం, పక్కన నిలిపిన లారీ ఇంజను నడుస్తుంటే దాని పొగగొట్టం వైపు కిటికీ తెరుచుకుని పడుకోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. అలారాన్ని పడక దగ్గర, పడుకున్నప్పుడు మీ తల ఉండే ఎత్తుకు అటూ ఇటుగా బిగించండి. దాని వెనక గడువు సంవత్సరం ముద్రించి ఉంటుంది. సెన్సరు ఆ తర్వాత నమ్మదగ్గది కాదు. చలికి రెండు మంచి రగ్గులు, ఒక్కొక్కరికి ఒక మంకీ క్యాపు చాలు.

గ్యాసు లీకును కనిపెట్టే అలారం వేరు, అది రెండోది. రెండింటికీ కలిపి ఒక్కటే కొంటే సరిపోతుందని దుకాణంలో చెబుతారు, ఒప్పుకోకండి. వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. కాబట్టి ఈ అలారం ఉండవలసింది నేలకు జానెడు ఎత్తులో. మంచం ఎత్తున పెడితే అది మోగేసరికి కిందంతా గ్యాసు నిండి ఉంటుంది. సిలిండరు విషయంలో ఇంట్లో వాడే 14.2 కిలోల ఎర్రది బండిలోకి ఎక్కించకండి. అయిదు కిలోలది తీసుకోండి. మీ ఇద్దరి వంటకు చాలా రోజులు వస్తుంది. సిలిండరు ఉండే అరకు లోపలివైపు సందు లేకుండా మూత, అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉన్నాయో లేదో చూడండి. సెకండ్‌హ్యాండు బండ్లలో ఆ రంధ్రాన్ని దుమ్ము వస్తోందని ఎవరో గుడ్డతో కుక్కి ఉంచుతారు. అది తీసేయండి. రబ్బరు గొట్టం మీది తేదీ చదివి, అయిదేళ్లు దాటితే మార్చండి. కొత్తది బిగించాక సబ్బు నురగ పూసి బుడగలు వస్తాయేమో చూడండి. బండి కదిలేముందు గ్యాసును సిలిండరు దగ్గరే ఆపేయాలి, పొయ్యి దగ్గర కాదు. ఎప్పుడైనా వాసన వస్తే లైటు వేయవద్దు, ఉన్న లైటు ఆర్పనూ వద్దు, ఫ్యాను స్విచ్చి ముట్టవద్దు. తలుపులు తీసి దిగిపోండి.

మంటలార్పే సిలిండరు రెండు కిలోల ఏబీసీ పొడిది కొనండి. దాన్ని ఎక్కడ బిగిస్తారన్నదే ముఖ్యం. చాలామంది పొయ్యి పైన గోడకు తగిలిస్తారు. మంట పొయ్యి మీదే లేస్తే దాన్ని దాటి చెయ్యి పెట్టాలి కదా! తలుపు పక్కన, బయటి నుంచి కూడా అందేట్టు ఉండాలి. అలాగే వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో, చీకట్లో మీ ఆవిడగారు ఒక్కరే తీయగలరో లేదో ఒకసారి తీయించి చూడండి. మార్పులు చేసిన బండ్లలో వెనక తలుపుకు అడ్డంగా మంచం వేసి మేకులు కొట్టేసే ఘనులున్నారు.

ఇక బండి. మీరు వెళ్లాలనుకునే దారులు రెండూ కొండదారులే. పార్వతీపురం, సాలూరు మీదుగా వెళ్తే 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి ఘాట్ ఎక్కాలి. రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా అయితే 326వ నంబరు రహదారి. ఏ దారిన వెళ్లినా, మీరు ఒక్క రూపాయి సామాను కొనే ముందు చేయవలసిన పని, బండిని లారీలు తూచే కాటా దగ్గరికి తీసుకెళ్లడం. నీళ్ల ట్యాంకు నింపి, డీజిలు నింపి, తీసుకెళ్లదలచిన సామాను ఎక్కించి, మీరిద్దరూ కూర్చుని తూయించండి. ఆ అంకెను ఆర్సీలో ఉన్న మొత్తం బరువుతో సరిచూడండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేట్టు ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉండేట్టు ఒకసారి తూయించండి. ప్లైవుడ్డు అరలు, మంచాలు, బ్యాటరీలు, ట్యాంకు అన్నీ ఒకే పక్కకు చేరి వెనక ఇరుసు కుంగిపోయే బండ్లు ఎక్కువ. లీటరు నీళ్లు కిలో బరువు. నిండు ట్యాంకుతో మీరు క్వింటాలు మోస్తున్నట్టే. ఘాట్ ఎక్కే రోజున సగం ట్యాంకుతో బయలుదేరి, పైన సిమిలిగుడలోనో కోరాపుట్‌లోనో నింపుకోండి. కాటా చీటీ చేతిలో ఉంటే జాబితాలోని సగం వస్తువుల మీద మోజు దానంతటదే తగ్గుతుంది.

టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 3119 అని ఉంటే 2019వ సంవత్సరం 31వ వారంలో తయారైందని లెక్క. ఇలాంటి బండ్లు తిరిగే దూరం తక్కువ కాబట్టి టైరు మీది గాళ్లు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. ఆరేళ్లు దాటితే గాళ్లతో పని లేకుండా మార్చండి. స్టెప్నీ తేదీ కూడా చూడండి, దాన్నెవరూ చూడరు. గాలి తూచేది పొద్దున బండి కదలకముందు. ఎండలో యాభై కిలోమీటర్లు నడిచాక తూస్తే తప్పుడు అంకె చూపుతుంది. పన్నెండు వోల్టుల గాలి పంపు కొంటారు సరే, కార్ల కోసం చేసిన చిన్నవి మీ బండి టైర్లకు కావలసినంత ఒత్తిడి దాకా ఎక్కించలేక వేడెక్కిపోతాయి. మీ టైరుకు ఎంత కావాలో బండి మీది పట్టీలో చదువుకుని, అంతకు మించి ఎక్కించగలిగేది కొనండి.

జాకీ హైడ్రాలిక్ది, బండి బరువుకు తగ్గది కావాలి. దాని కింద వేయడానికి రెండంగుళాల మందం చెక్కపలక ఒకటి. మట్టిలో జాకీ దిగబడితే ఇక చేయగలిగింది ఏమీ ఉండదు. టైర్ల దుకాణాల్లో నట్లను గాలి తుపాకీతో బిగిస్తారు, చేత్తో తిప్పితే కదలవు. కాబట్టి వీల్ పానాతోపాటు దాని పిడికి తొడిగే మూడడుగుల ఇనుప పైపు కూడా ఉంచుకోండి. ఇంటి దగ్గరే ఒకసారి నట్లు వదులుచేసి చూడండి. మీవల్ల కాకపోతే ఆ సంగతి సుంకి మలుపులో కంటే గుణుపురంలో తెలియడం మేలు. చక్రం మార్చాక యాభై, వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి. చక్రాలకు అడ్డు పెట్టే రబ్బరు దిమ్మలు రెండు జతలు తీసుకోండి. క్లీనర్లు విసిరే అడ్డురాయి కూడా పనిచేస్తుంది కానీ, వాళ్లు దాన్ని రోడ్డు మీదే వదిలి వెళ్లిపోవడం మీరూ చూసే ఉంటారు. ప్రమాద హెచ్చరిక త్రికోణం, మెరిసే జాకెట్టు, తలకు కట్టుకునే టార్చి కూడా ఉంచండి. టార్చి చేత్తో పట్టుకుంటే పానా తిప్పడానికి చెయ్యి ఉండదు.

ఒక చిన్న విషయం. మీ బండికి డీజిలు మూతతోపాటు నీలి మూత ఉన్న చిన్న ట్యాంకు ఉంటే, అందులో డీఈఎఫ్ అనే ద్రవం పోయాలి. అది అయిపోతే బండి బలం తగ్గిపోతుంది, కొన్నింట్లో మళ్లీ స్టార్టు కాదు. కొండ ప్రాంతంలో ప్రతి బంకులోనూ దొరుకుతుందని నమ్మకండి. ఒక డబ్బా వెంట ఉండాలి. దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు అవసరమయ్యేదో ఆ గేరులోనే దిగండి. బ్రేకుల నుంచి మాడు వాసన వస్తే ఆపి అరగంట చల్లారనివ్వండి. వేడి బ్రేకుల మీద నీళ్లు కుమ్మరించవద్దు. బండి ఎత్తు, పైన సోలారు పలకలు, ఏసీ డబ్బా కలుపుకుని టేపుతో కొలిచి స్టీరింగు దగ్గర రాసి అంటించండి. రైల్వే అండర్‌పాసు ముందు నిలబడి గుర్తుచేసుకోవడం కుదరదు.

నీళ్ల సామాను చిన్నదే. ఆకుపచ్చ తోట పైపు వద్దు, ఎండకు దానిలోని నీళ్లకు వాసన వస్తుంది. తాగే నీటికి పనికొచ్చే పైపు పదిహేను మీటర్లు, అరంగుళం, ముప్పాతిక అంగుళం కుళాయిలకు రెండు తగిలింపులు, టెఫ్లాన్ టేపు, వెడల్పు మూతి గరాటు. కుళాయి దాకా బండి వెళ్లని చోట ఇరవై లీటర్ల క్యాన్లు రెండు ఆదుకుంటాయి. ట్యాంకు ముందు అయిదు మైక్రాన్ల మట్టి వడపోత బిగిస్తే పంపు బతుకుతుంది. తాగే నీళ్లు మాత్రం ట్యాంకులోవి వద్దు, వేరే క్యానులో పెట్టుకోండి. మీ ఇంట్లో పాత మరచెంబు ఉంటే దించండి, కొండదారిలో దాని మూత విప్పుకుని ఒలకదు.

టాయిలెట్ గురించి మీరు అడగలేదు, అందరూ అలాగే మొహమాటపడతారు. రాత్రిపూట ధాబా వెనక్కి వెళ్లడం మీ వయసులో, ముఖ్యంగా ఆడవాళ్లకు, కుదిరే పని కాదు. ఇరవై లీటర్ల పోర్టబుల్ టాయిలెట్ కొనండి. అందులో పోసే మందు ఫార్మాల్డిహైడ్ లేనిది అడిగి తీసుకోండి. ఆ రసాయనం ఉన్నది మీ ఇంటి సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులనే చంపేస్తుంది. ఖాళీ చేసేది మరుగుదొడ్డిలోనే. వంశధార ఒడ్డున ఎవరూ చూడరులే అని మాత్రం అనుకోవద్దు.

కరెంటు దగ్గరికి వద్దాం, మీ ఇంట్లో గొడవంతా ఇక్కడే ఉంది. లెక్కల మాస్టారో కాదో తెలియదు కానీ ఈ లెక్క మీరు బోర్డు మీద వేసి చూపిస్తే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. 200 ఆంపియర్ అవర్ల పన్నెండు వోల్టుల లిథియం బ్యాటరీలో నిండుగా రెండున్నర యూనిట్లు ఉంటాయి. రెండు చిన్న డీసీ ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే 0.4 యూనిట్, లైట్లకు 0.1, చిన్న కంప్రెసరు ఫ్రిజ్‌కు రోజుకు 0.6, ఫోన్లకూ నీళ్ల పంపుకూ 0.1. మొత్తం 1.2 యూనిట్లు. అంటే ఎండ లేకపోయినా రెండు రోజులు గడుస్తాయి. బండి పైన 400 వాట్ల సోలారు పలకలుంటే తేటగా ఉన్న డిసెంబరు రోజున దాదాపు ఆ 1.2 తిరిగి వచ్చేస్తుంది. మామిడిచెట్టు నీడన నిలిపితే రాదు.

ఇప్పుడు అమ్మగారి ఇండక్షన్ పొయ్యిని ఈ లెక్కలో దించండి. 1,800 వాట్లతో అరగంట వండితే 0.9 యూనిట్. పొద్దునా సాయంత్రం వండితే బ్యాటరీలో మిగిలేది ఫోను ఛార్జింగుకు. అంతేకాదు, పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి అంత శక్తి లాగితే తీగల్లో 150 ఆంపియర్లకు పైగా పారుతుంది. బండిని మార్చిన షెడ్డులో ఎవరో సన్నని తీగ వేసి ఉంటే అది కాలుతుంది. కాబట్టి ఇండక్షన్ బంధువుల ఇంటి ప్లగ్గు దొరికినప్పుడు మాత్రమే, మిగతా వేళల్లో గ్యాసు. మిక్సీ విషయంలో మాత్రం గెలుపు అమ్మగారిదే. 500 వాట్ల మిక్సీ మూడు నిమిషాలు తిరిగితే యూనిట్‌లో నలభయ్యో వంతు. వెయ్యి వాట్ల ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ పెట్టించండి, పచ్చడి నిశ్చింతగా రుబ్బుకోవచ్చు. ఏసీ నడిస్తే గంటకు సుమారు యూనిట్. రెండు గంటలు దాటితే బ్యాటరీ పడిపోతుంది. డిసెంబరులో కోరాపుట్‌లో దాని అవసరమూ లేదు.

బావమరిది గారి జనరేటర్ నేను వద్దంటాను. బరువు, పెట్రోలు వాసన, రాత్రి పక్క లారీలో పడుకున్న డ్రైవరు తిట్లు, అన్నిటికీ మించి ఇందాక చెప్పిన ఆ వాసన లేని విషవాయువు. దాని బదులు, బండి నడుస్తుండగా ఇంజను నుంచి లోపలి బ్యాటరీని నింపే డీసీ-డీసీ ఛార్జరు పెట్టించండి. 30 ఆంపియర్లది మూడు గంటల ప్రయాణంలో ఒక యూనిట్‌కు పైగా నింపుతుంది. రోజూ తిరిగేవాళ్లకు అదే జనరేటర్. ఇంజను స్టార్టింగు బ్యాటరీ, లోపలి సామానుకు వాడే బ్యాటరీ విడివిడిగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూపించుకోండి. బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో, ఫ్యూజు ఉండాలి.

బంధువుల ఇంటి నుంచి కరెంటు తీసుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. మన పాత ఇళ్లలో త్రీపిన్ సాకెట్‌కు మూడో కన్నం అలంకారానికి ఉంటుంది, వెనక ఎర్తు తీగ ఉండదు. మీ బండి ఇనుప డబ్బా. లోపల ఎక్కడైనా తీగ తగిలితే, తడి నేల మీద నిలబడి తలుపు గొళ్లెం పట్టుకున్నవాళ్లకు షాకు. అందుకని బండిలోకి కరెంటు వచ్చే చోట 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, తప్పనిసరి. సాకెట్ సరిగ్గా ఉందో లేదో లైట్లతో చూపే చిన్న టెస్టర్ ప్లగ్గు కూడా కొనండి.  వోల్టేజీ పడిపోతే కట్ చేసే పరికరం ఒకటి, ఊళ్లలో సాయంత్రం వేళ మోటార్లు నడిచేటప్పుడు అది ఫ్రిజ్‌ను కాపాడుతుంది. కేబులు నాలుగు చదరపు మిల్లీమీటర్ల మూడు తీగలది, ఇరవై మీటర్లు, 16 ఆంపియర్ల ప్లగ్గుతో. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పండి; చుట్టగా ఉంచి ఏసీ వేస్తే లోపల వేడెక్కి ప్లాస్టిక్కు కరుగుతుంది.

దోమల మాట మరవకండి. కోరాపుట్, రాయగడ జిల్లాలు మలేరియాకు ఎప్పటినుంచో పేరుపడ్డవి. ప్రతి కిటికీకీ, పైన గాలి వచ్చే కన్నానికీ జాలీ వేయించండి, పడక చుట్టూ దోమతెర కట్టండి. మూసిన బండిలో దోమల చుట్ట వెలిగించడం వద్దు.

వంట సామాను గురించి అమ్మగారికి చెప్పేదేముంది. ఒక్కటే మనవి: గాజు సీసాల్లో ఊరగాయ బండి ఎక్కనివ్వకండి. ఆవకాయ నూనె ఒకసారి ప్లైవుడ్డులోకి ఇంకితే ఏడాది పాటు బండి భోజనశాలలా వాసన వేస్తుంది. బిగుతు మూతల స్టీలు డబ్బాలు, మూడు లీటర్ల కుక్కరు, ఒక పెనం, అరల తలుపులకు మలుపుల్లో తెరుచుకోని గొళ్లేలు చాలు. పిండి ఇంట్లోనే రుబ్బించుకెళ్లండి.

గుడారపు పందిరి, మడత కుర్చీల సెట్టు, రంగురంగుల దీపాల తోరణం, పరదాలు, పైకి ఎక్కే నిచ్చెన... ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటాయి ఇవి. ముందు మీ పెరట్లోనే బండి నిలిపి, ఇంటి తలుపుకు తాళం వేసి, రెండు రాత్రులు అందులోనే ఉండండి. వంట, స్నానం, నిద్ర అన్నీ లోపలే. ఏ వస్తువు కోసం ఇంటి తాళం తీయాలనిపించిందో కాగితం మీద రాయండి. ఆ కాగితమే మీ అసలు జాబితా. ఆ రెండు రోజుల్లోనే పైకప్పు మీద పైపుతో పావుగంట నీళ్లు కొట్టి, లోపల సోలారు తీగలు దిగే చోట తడి తేలుతుందేమో చూడండి. కారితే బ్యూటైల్ టేపు ఒక చుట్ట తెప్పించి అతికించండి.

చివరిగా కాగితాలు. మీ ఉత్తరంలో 'మార్చిన' బండి అన్నారు, నా మనసు అక్కడే ఆగింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. మీ ఆర్సీలో బండి రకం దగ్గర కారవాన్ అని ఉందా, ఇంకా ప్రయాణికుల వ్యాన్ అనే ఉందా? రెండోదైతే, అమ్మినవారు ఎంత నమ్మకంగా చెప్పినా, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ఆ మాట పట్టుకుంటుంది. రవాణా కార్యాలయంలో అడిగి సరిచేయించండి. అత్యవసరానికి 112, జాతీయ రహదారి మీద చిక్కుకుంటే 1033, ఈ రెండు నంబర్లూ కాగితం మీద రాసి ఉంచండి, ఘాట్‌లో ఫోను సిగ్నలు ఎక్కడ ఉంటుందో ఎక్కడ పోతుందో చెప్పలేం. లోపల వేయించిన పడకలు, బ్యాటరీ, గ్యాసు పొయ్యి అన్నీ రాసి, వీటితో సహా బండికి పాలసీ వర్తిస్తుందా అని బీమా కంపెనీని ఉత్తరం ద్వారా అడగండి. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా బండిని గుణుపురం పొలిమేర దాటించకండి.